గాజు వాల్వులో కాకిబంగారం

మద్రాసులో ట్రైనింగు ముగించుకొని కావలి టెలిఫోను రిపీటరు స్టేషనులో చేరేనాటికి, అక్కడ ఏం జరుగుతుందో నాకు పుస్తకంలో చదివినంత వరకే తెలుసు. మద్రాసు నుంచి బెజవాడ వైపు స్తంభాల మీద సాగిపోయే రాగి తీగల్లో మనుషుల మాట ప్రయాణం చేస్తుంది. దూరం పోయేకొద్దీ అది నీరసపడుతుంది. మధ్యలో ఒకచోట దాన్ని పట్టుకొని, బలం ఇచ్చి, మళ్ళీ తీగలోకి వదలాలి. మా స్టేషను చేసే పని అదే. నేను అక్కడ మెకానిక్కుని. యంత్రాలు ఆగకుండా చూసుకోవడమే నా ఉద్యోగం.

మొదటి రోజు మా సూపర్వైజరు గారు నన్ను హాలు గుమ్మం దగ్గర ఆపి చెప్పులు విప్పమన్నారు. ఆయన ఉదయగిరి వైపు సేద్యం చేసే కుటుంబంలోంచి వచ్చినవారు, యాభై దాటిన మనిషి. గుడిలోకి పోతున్నట్టు నేను చేతులు కట్టుకునేసరికి నవ్వి, భక్తి కోసం కాదనీ దుమ్ము కోసమనీ చెప్పారు. లోపల నేల నుంచి కప్పు దాకా ఇనుప రాకులు, అంటే యంత్రాలు బిగించిన నిలువు చట్రాలు, వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కో రాకులో మాటకు బలమిచ్చే గాజు వాల్వులు, పాత రేడియోల్లో ఉండేలాంటివి. ఒక్కో వాల్వు లోపల అగ్గిపుల్ల కొనంత ఎర్రటి వెలుగు. ఎక్కడా చప్పుడు లేదు. చెవి దగ్గర పెడితే మాత్రం తేనెతుట్టె దూరంగా ఉన్నట్టు సన్నని రొద.

ఆయన నా తలకు హెడ్‌ఫోను తగిలించి, దాని తీగను రాకులో ఒకచోట గుచ్చారు. పిచ్చుకల గుంపు ఒక్కసారి కీచులాడుతున్నట్టు వినిపించింది. అందులో మనిషి మాట అనేదే లేదు. తరవాత తీగను అక్కడినుంచి తీసి, కావలి ఊరి కోసం విడదీసి దించుకునే చోట గుచ్చారు. ఎవరో ఒకాయన, నా పక్కన నిలబడి మాట్లాడినంత స్పష్టంగా, వడ్లు లారీకి ఎత్తించారా అని అడుగుతున్నాడు. సూపర్వైజరు గారు వెంటనే తీగ లాగేశారు.

"ఇందాక నువ్వు విన్న కీచుమనేదాంట్లో ఈ మాటా ఉండాది, ఇంకా చాలామంది మాటలూ ఉండాయి. అందరూ ఒకే జత తీగల మీద పోతా ఉండారు. ఒకరికొకరు తగలరు," అన్నారు.

ఆయన ఎన్నేళ్ళుగానో ఆ పని చేస్తున్న మనిషి. అయినా ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించారు. లైను స్పష్టంగా ఉందా లేదా తెలిసేంత వరకే వినాలనీ, ఏం మాట్లాడుకుంటున్నారో వినకూడదనీ ఆ రోజే చెప్పారు. మాట వినిపిస్తుంటే అందులోని సంగతి వినకుండా ఉండటం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

పని చెప్పుకోవడానికి పెద్ద విశేషమేమీ ఉండదు. పొద్దున్నే బ్యాటరీ గదిలోకి పోవాలి. అక్కడ గాజు తొట్లలో ఆసిడ్ నీళ్ళు, అందులో సీసం పలకలు. నీళ్ళు తగ్గిన తొట్టిలో డిస్టిల్డ్ వాటరు పోయాలి. ఆ గదిలో తిరిగినవాళ్ళ చొక్కాలకు చిల్లులు తప్పవు. సముద్రం దూరంగానే ఉన్నా తూర్పు గాలి వీచే రోజుల్లో ఉప్పు తేమ హాల్లోకి వచ్చేది. ఇత్తడి మీద పచ్చటి మసక పట్టేది. మెత్తని తోలు ముక్కతో ఒక్కో కాంటాక్టూ తుడిచేవాణ్ణి. కరెంటు పోతే ఇంజను తిప్పేవాళ్ళం. ఇంజను అందుకునే వరకు బ్యాటరీలు భారం మోసేవి. మాట్లాడుకునేవాళ్ళకు మధ్యలో కరెంటు పోయిందన్న సంగతే తెలిసేది కాదు.

వానలు పట్టిన ఒక మధ్యాహ్నం బెజవాడ స్టేషనులోని అటెండెంటు సర్వీసు లైనులో పిలిచాడు. సర్వీసు లైనంటే స్టేషన్లవాళ్ళం మాలో మేం మాట్లాడుకోవడానికి ఉంచుకున్న దారి. అతన్ని నేను చూడలేదు, గొంతే తెలుసు. మావైపు నుంచి వచ్చే మాట పలచబడుతోందని చెప్పాడు. వరసగా పరీక్షించుకుంటూ పోతే ఒక వాల్వు బలం తగ్గి కనిపించింది. రిజర్వులో ఉంచిన రాకు మీదికి లైను మళ్ళించి, పాత వాల్వు తీసి కొత్తది పెట్టాను. అతను మళ్ళీ పిలిచి బాగుందన్నాడు. ఇదంతా మామూలే.

ఆ రోజు ఏమనిపించిందో, పనికిరాని ఆ వాల్వును పారేయబోతూ ఆగిపోయాను. సూపర్వైజరు గారిని అడిగి, దాన్ని గుడ్డలో చుట్టి మెల్లగా పగలగొట్టాను. గాజు తీసేస్తే లోపల వెంట్రుకంత తీగలు, వాటి చుట్టూ సన్నని లోహపు గొట్టం. పైనా కిందా రూపాయి బిళ్ళ కంటే చిన్నవి రెండు గుండ్రటి రేకులు. ఆ రేకులకున్న సూది బెజ్జాల్లో తీగలు దూర్చి, ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టారు. రేకును వేలి మీద పెట్టుకొని వెలుతురుకు పట్టాను. అవతలి కిటికీ కనపడింది. గోటితో అంచు గీరితే ఇంకా పలచని పొర లేచింది.

అది మైకా. మా వైపు కాకిబంగారం అంటారు.

నేను పుట్టి పెరిగింది గూడూరు దగ్గర. మా నాయన నా చిన్నతనంలోనే పోయాడు. మా అమ్మ మైకా కంపెనీలో రేకులు చీల్చేది. నేల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ళలో ఒకతెగా, చిన్న కత్తితో దిమ్మను పొర పొరగా విడదీసి నన్ను మిషన్ బడిలో చదివించింది. ఆమె చీరలోంచి, జుట్టులోంచి మెరుపు పొడి రాలేది. అన్నంలో కూడా అప్పుడప్పుడూ మెరిసేది. ఆ రేకులు పడవలెక్కి పరదేశం పోతాయని తెలుసు కానీ అక్కడ వాటినేం చేస్తారో మా పేటలో ఎవరికీ తెలియదు. ఇస్త్రీపెట్టెల్లో వేస్తారని కొందరు, దొరల ఇళ్ళ పొయ్యిలకు అద్దాలుగా పెడతారని కొందరు అనేవాళ్ళు.

రాకుల వైపు తిరిగి చూశాను. వెలుగుతున్న ప్రతి వాల్వులోనూ ఆ రేకులున్నాయి. అన్నాళ్ళుగా వాటి మధ్యే తిరుగుతూ ఆ సంగతి నాకు తెలియలేదు. రేకు పట్టుకొని స్టూలు మీద కూర్చున్నాను. సూపర్వైజరు గారు ఏమైందని అడిగారు. చెప్పాను. ఆయన నా చేతిలోంచి రేకు తీసుకొని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. ఆదివారం ఊరికి పోయి అమ్మకు చూపించి రమ్మన్నారు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి బయట అరుగు మీద కూర్చోబెట్టి అమ్మ చేతిలో ఆ రేకు పెట్టాను. ఆమె పని చేసేటప్పటిలాగే బొటనవేలితో అంచు తడిమింది. ఎండకు ఎత్తి చూసింది. ఎక్కడిదని అడిగితే మొత్తం చెప్పాను. నేను చెప్పిందంతా ఆమెకు అర్థమైందని అనుకోను. అర్థమైనంత మేరకు ఆలోచించింది.

"మన గూడూరు సరుకేనా అమ్మా?" అన్నాను.

"ఇంత చిన్న ముక్కని చూసి నేనెట్టా చెప్పేదిరా. మనదైనా కావచ్చు, ఇంకో దేశానిదైనా కావచ్చు," అంది. రేకును మళ్ళీ ఎండకు పట్టి, "ఎవరో ఒక ఆడమనిషి చీల్చుంటాది. ఇంత పలచన మిషను చేత కాదు," అంది.

నేను ఎదురుచూసిన జవాబు అది కాదు. మనదే అంటుందనుకున్నాను. కానీ ఆ మాటతో, నేను కలలో కూడా చూడని ఊళ్ళలో నేల మీద వరసలు కట్టి కూర్చున్న ఆడవాళ్ళు నా కళ్ళ ముందుకు వచ్చారు.

ఆ యంత్రం చూడాలని ఆమే అడిగింది. అంతకు ముందు ఏదీ అలా అడిగిన మనిషి కాదు. సూపర్వైజరు గారు పైవాళ్ళ అనుమతి తెప్పించారు. ఉతికిన తెల్లచీర కట్టుకొని రైల్లో వచ్చింది. గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకముందే కాళ్ళు తుడుచుకుంది. రాకుల ముందు నిలబడి పైనుంచి కిందికి చూసింది. చెయ్యి ముందుకు పోయింది కానీ ముట్టుకోలేదు.

"వీటన్నిట్లో ఉండాయా?"

"ఉండాయమ్మా. ప్రతిదాంట్లో పైనొకటి, కిందొకటి."

సూపర్వైజరు గారు ఆమెకు స్టూలు వేయించారు. ఊరివాళ్ళు మాట్లాడుకునేది వినిపించకూడదు కాబట్టి, సర్వీసు లైను మీద బెజవాడ అటెండెంటును పిలిచి సంగతి చెప్పి, టెలిఫోను ఆమె చేతికిచ్చారు. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అవతలివాడు ఏమన్నాడో నాకు ఆ పూట వినపడలేదు. తరవాత అతనే చెప్పాడు, బాగున్నారా అమ్మా అని పలకరించాడట. ఆమె అటు వినపడదేమోనని గట్టిగా, "బాగుండాను నాయనా. మీ కాడ కూడా ఇవి ఉండాయా?" అని అడిగింది. మాది కావలి కంటే పెద్ద స్టేషను, నిండా ఉన్నాయండీ అన్నాడట. ఆమె ఇంకోసారి రాకుల వైపు చూసింది. ఆ తరవాత, "జాగర్తగా చూసుకో నాయనా. చీల్చేదానికి చాలా కష్టపడాల," అని చెప్పి టెలిఫోను నాకిచ్చేసింది. కన్నీళ్ళేమీ పెట్టుకోలేదు. సూపర్వైజరు గారు మాత్రం కిటికీ వైపు తిరిగారు.

రైలుకు తీసుకుపోతుంటే దారిలో ఒక్కటే అడిగింది. మాట్లాడుకునేవాళ్ళకు మధ్యలో మీరున్నట్టు తెలుసునా అని. తెలియదన్నాను. రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

ఆ తరవాత బెజవాడ అటెండెంటు పొద్దుటి పరీక్షకు పిలిచినప్పుడల్లా, లైను ఎలా ఉందో కనుక్కున్నాక, అమ్మగారు ఎలా ఉన్నారని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. అలా ఏళ్ళు గడిచాయి. ఆ లోపల కొత్తరకం యంత్రాలు వస్తున్నాయనీ, వాటిలో గాజు వాల్వులుండవనీ వినడం మొదలైంది. మా అమ్మ పనిచేసే కంపెనీలో కూడా మునుపటంత పని లేదు.

ఒకసారి బంధువుల పెళ్ళికి అమ్మతో కలిసి బెజవాడ పోయాను. పెళ్ళి భోజనాలయ్యాక, ఆ టెలిఫోను పిల్లగాణ్ణి చూసిపోదాం అంది. పిల్లగాడని ఎందుకనుకుందో తెలియదు, అతని గొంతు అలా ఉండేది. స్టేషనుకు పోయి అడిగితే, తల నెరిసిన, నా కంటే చాలా పెద్దాయన బయటికి వచ్చాడు. నేను నోరు తెరిచేలోపలే అమ్మ, "నేను కావలి రేకులామెను నాయనా," అంది. అతను రెండు చేతులూ జోడించి, "ఎన్నాళ్ళకండీ," అని లోపలికి పిలిచాడు.

ఆ హాలు ముందు మాది ఒక వసారా పాటి. వరస తరవాత వరస రాకులు, వాటి నిండా ఎర్రటి వెలుగులు. అమ్మ ఆ వరసల మధ్యగా చివరిదాకా నడిచింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. అతను ఏమీ వివరించలేదు, ఆమె వెనకే నడిచాడు. కూర్చుంటారా అని అడిగితే కూర్చుంది. కొంచెంసేపు ఇట్టా ఉండనీయండి అంది. మేమిద్దరం గోడ పక్కన నిలబడి, బ్యాటరీల గురించి తక్కువ గొంతుతో మాట్లాడుకుంటూ ఉండిపోయాం. మేం ఎక్కాల్సిన రైలు వెళ్ళిపోయింది. సాయంత్రం రైలుకు పోయాం.