పిండికట్టులో వాసన

మా పాపని ఆస్పత్రి నుంచి ఇంటికి మామిడికాయల వ్యానులో తెచ్చుకున్నాం. కారు దొరక్క కాదు. మా ఆయన టాక్సీ మాట్లాడే తీసుకొచ్చారు, దాన్ని కడిగించి చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టించారు. తీరా చూస్తే పాప ఆ తలుపులో పట్టలేదు. ఐదేళ్ల పిల్ల, మనిషి చూస్తే పిడికెడు. కానీ రొమ్ము దగ్గర్నుంచి చీలమండల దాకా పిండికట్టు. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, కదలకుండా మధ్యలో అడ్డంగా ఒక కర్ర పెట్టారు. అటు తిప్పాం, ఇటు తిప్పాం, కాళ్ల వైపు నుంచి తోసి చూశాం. "తలుపు ఊడదీయమంటారా అండీ?" అన్నాడు డ్రైవరు. మా ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు.

పుట్టుకతోనే పాపకి తుంటి కీలు సరిగ్గా కూర్చోలేదట. నడక వచ్చిన దగ్గర్నుంచీ ఒక పక్కకి ఒరిగి నడిచేది. ఇంట్లో అందరూ "అదే సర్దుకుంటుందిలే" అన్నవాళ్లే. మా ఆడపడుచు కూడా చిన్నప్పుడు అలాగే నడిచేదని మా అత్తగారు ధైర్యం చెప్పేవారు. ఆ మహాతల్లి ఇప్పటికీ అలాగే నడుస్తోంది, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నేనే గొడవపెట్టుకుని బెజవాడ తీసుకెళ్లాను. ఆపరేషన్ చేసి కట్టు వేశాక డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "కట్టు తడవకూడదు. జ్వరం వచ్చినా, లోపల్నుంచి వాసన వచ్చినా ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి. లోపల చీము పట్టిందంటే కీలు నిలవదు. మళ్లీ మొదటికొస్తుంది, ఆ తర్వాత నడక సంగతి నేను చెప్పలేను." నేను ఆ మాటలు రెండోసారి చెప్పించుకుని విన్నాను. మా ఆయన మాత్రం కాయ బేరం విన్నట్టు తలూపి ఊరుకున్నారు.

ఆయనది మామిడికాయల వ్యాపారం. నూజివీడు చుట్టుపక్కల తోటలు కొని, కాయ కోయించి, పెట్టెల్లో గడ్డి వేసి సర్ది ఊళ్లకి పంపుతారు. టాక్సీని పంపేసి, మా వ్యాను తెప్పించి, ఆస్పత్రి వాకిట్లో నిలబెట్టి, పంచె ఎగ్గట్టి తనే పైకెక్కారు. అడుగున మందంగా గడ్డి పరిచి దాని మీద దుప్పటి వేశారు. పాపని పడుకోబెట్టి కట్టు పక్కల, నడుం కింద, కాళ్ల మధ్య కర్ర కింద గడ్డి కుక్కారు. చేత్తో ఊపి చూశారు. చాలలేదని మళ్లీ కుక్కారు. పైన ఎండ తగలకుండా టార్పాలిన్ బిగించి, "బొంబాయి లోడు కూడా నేనింత బాగా కట్టలేదు" అన్నారు. అక్కడున్న నర్సమ్మ నా వంక చూసింది. నేను వేరే వైపు చూశాను.

దారిలో చెక్‌పోస్టు దగ్గర ఆపారు.

"ఏం లోడండీ?"

"పాప."

"పాపేంటండీ, గడ్డి కనబడుతుంటే!"

టార్పాలిన్ ఎత్తి చూపించాల్సొచ్చింది. లోపల్నుంచి పాప చేతులు జోడించి "నమస్కారమండీ" అంది. ఆ మనిషి ఖంగుతిని, "వెళ్లండి బాబూ, గుంటలు చూసుకుని వెళ్లండి" అని గేటెత్తాడు.

మేం ఇల్లు చేరేసరికి సీజను మంచి ఊపు మీదుంది. వసారాలో పెట్టెలు, నడవలో గడ్డి, వెనక గదిలో మగ్గేసిన కాయ. కాలు పెట్టే చోటు లేదు. పాప మంచం ముందుగదిలో వేయించి, అందరూ వినేటట్టు ఒక్కటే చెప్పాను: పిల్లకి రసాలు పెట్టొద్దు, బంగినపల్లి ముక్కలు కోసి స్పూనుతో నేనే పెడతాను.

దానికి మా అత్తగారు నన్నెవరో పరాయి దేశపు మనిషిని చూసినట్టు చూశారు. మా వైపు రసం పండుని కోసే అలవాటు లేదు. అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి చుక్కలు పిండేసి నోట్లో పెట్టుకుని జుర్రుకోవాలి. రసం మోచేతుల దాకా కారాలి. కారకపోతే తిన్నట్టు లెక్క కాదు.

"రసాలకీ తుంటికీ ఏంటే సంబంధం?" అన్నారు ఆవిడ.

"వెల్లకిలా పడుకున్న పిల్ల అత్తయ్యగారూ. కారిందంతా మెడ మీంచి కట్టులోకే పోతుంది."

"సీజన్లో రసం ఎరగకుండా పెరుగుతుందన్నమాట నా మనవరాలు," అని కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. కళ్లలో తడేమీ లేదు, నేను చూశాను.

కొన్నాళ్లు బాగానే గడిచింది. ఒకరోజు పొద్దున్న పాపకి మెడా చేతులూ తుడుస్తుంటే కట్టులోంచి వాసన వచ్చింది. పుల్లగా, ముక్కిపోయినట్టు. డాక్టరు గారు చెప్పిన చీము గుర్తొచ్చింది. నుదుటి మీద చెయ్యి వేసి చూశాను, వెచ్చగానే ఉంది. రోహిణీ కార్తె ఎండలు, నా ఒళ్లూ వెచ్చగానే ఉంది. ఏం తెలుస్తుంది? అత్తగార్ని పిలిచి చూడమన్నాను. "ఇల్లంతా ఇదే వాసన కదే" అనేసి గబగబా దేవుడి గదిలోకి వెళ్లిపోయారు. ఆ వేళప్పుడు ఆవిడకి దేవుడితో పనేంటో నాకర్థం కాలేదు.

ఇక మిగిలింది మా ఆయన ముక్కు. ఆ ముక్కుకి మా బజార్లో పెద్ద పేరు. కుప్ప కదపకుండా పక్కన నిలబడి, అడుగున కాయ పాడైందో లేదో చెప్పేస్తారు. పక్క షాపుల వాళ్లొచ్చి బతిమాలి పిలుచుకెళ్తారు. ఆ పొగరు కూడా ఆయనకి తక్కువేం లేదు. "ఏవండీ, ఒక్కసారి ఇలా రండి, ఇది చీమో కాదో చెప్పండి" అన్నాను.

వచ్చారు. మంచం మీదకి వంగి చాలాసేపు అలాగే ఉండిపోయారు. లేచి నిలబడి, "నాకేం తెలియట్లేదు" అన్నారు.

"తెలియకపోవడమేంటి? ఊళ్లో వాళ్ల కాయల గుట్టంతా చెప్తారు, కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి తెలియట్లేదా?"

"ముక్కు మూసుకుపోయిందే. గడ్డి దుమ్ము."

అప్పుడు ఆయన మొహం సరిగ్గా చూశాను. ఆ మనిషి పుట్టిందే గడ్డి దుమ్ములో. నాకు పెళ్లయ్యాక ఆయన తుమ్మగా నేను చూడలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, రెప్పలు ఉబ్బి ఉన్నాయి. భోజనం కాగానే పెట్టెలు చూసొస్తానని గోడౌన్లోకి వెళ్లడం, వచ్చేటప్పుడు పంపు దగ్గర మొహం కడుక్కుని రావడం ఎందుకో అప్పటికి తెలిసింది. నా కోపం పోయింది, దాని బదులు భయం పట్టుకుంది. ఈయనే ఇలా ఉంటే ఇక నాకు ధైర్యం చెప్పేదెవరు?

మళ్లీ వ్యాను, మళ్లీ గడ్డి. ఈసారి ఆయన కట్టిన ముడి రెండుసార్లు జారింది. పిలవకుండానే మా అత్తగారు కూడా ఎక్కి, పాప పాదం పట్టుకుని కూర్చున్నారు. బెజవాడ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ నోరు మూసుకోవడం నేనెన్నోసార్లు కోరుకున్నాను గానీ, ఇలా కాదు.

డాక్టరు గారు వాసన చూశారు. ముందు తుంటి దగ్గర కట్టుని చిన్న కిటికీలా కోసి, లైటు వేసి చూశారు. గాయం ఎండి శుభ్రంగా ఉంది, చీము లేదు. "మరి ఇదెక్కడిది?" అనుకుంటూ పొట్ట దగ్గర ఇంకో కిటికీ కోశారు. పట్టకారు లోపలికి పెట్టి, మెల్లిగా లాగారు.

మామిడి టెంక. పీచుతో సహా.

దాన్ని స్టీలు పళ్లెంలో పెట్టి మా ముగ్గురి వంకా చూశారు. పాపే చెప్పింది. "మామ్మ ఇచ్చింది. అమ్మ వస్తోందని దాచేశా."

మా అత్తగారు ఫ్యాను వంక చూస్తూ "చిన్నరసమేనండీ" అన్నారు, పెద్దరసమైతేనే తప్పన్నట్టు.

ఎక్స్‌రే తీశారు. కీలు పెట్టిన చోటే కూర్చుని ఉంది. లోపల తుడిచి, కిటికీలు మూసి, చేతులు కడుక్కుంటూ డాక్టరు గారు, "టెంకలు పెట్టకూడదని చెప్పడం నాకు తోచలేదమ్మా" అన్నారు. ఇంట్లోవాళ్లని తిట్టాల్సిన తిట్లన్నీ నాలిక చివర్నే ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన ముందు కూర్చోలేదు, మాతోపాటు వెనకే గడ్డిలో కూర్చున్నారు. ఆగిరిపల్లి దాటాం. ఉన్నట్టుండి ఆయన కట్టు వైపు వంగి ఒక్కసారి గాలి పీల్చారు.

"చిన్నరసమే. గడ్డిలో ఒకరోజు ఎక్కువ ఉంచారు" అన్నారు.

"పూట కూడా ఎక్కువ ఉంచలేదురా!" అని మా అత్తగారు లేచారు.

ఆపరేషన్ గది బయట ఏడవలేదు నేను. టెంక బయటపడ్డప్పుడూ ఏడవలేదు. అప్పుడు మాత్రం కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. పాప బెదిరిపోయి, "ఇంకెప్పుడూ దాచనమ్మా, టెంక నీకే ఇచ్చేస్తా" అంది.

"ఏంటే, ఏమైంది?" అన్నారు మా ఆయన.

"ఏం లేదండీ," అన్నాను. "గడ్డి దుమ్ము."