బ్రీదర్ పైపులో గుడ్డ

ఉదయం తొమ్మిదీ ఇరవైకి, అదియమాన్‌కోట్టై దాటగానే, బానెట్ అంచుల నుంచి పొగ వచ్చింది. కారును రోడ్డు పక్కకు తీసి ఆపాను. ఇంజన్ నిండా ఆయిల్. ఆయిల్ మట్టం చూసే కడ్డీ తన గొట్టంలోంచి లేచి పక్కకు వాలి ఉంది. వేడి ఇనుము మీద పడిన ఆయిల్ మాడుతోంది.

నా భార్య పోయిన తర్వాత నేను కారు తీయడం అదే మొదటిసారి. రెండు నెలలు అది ఇంటి ముందు కదలకుండా ఉంది.

ధర్మపురి నుంచి మా మెకానిక్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఈ పాత డీజిల్ బండిని చాలా ఏళ్ళుగా చూస్తున్నది అతనే. చుట్టూ అంతా తమిళమే అయినా వాళ్ళ ఇంట్లోనూ తెలుగే కాబట్టి నాతో తెలుగులో మాట్లాడతాడు. కడ్డీ తుడిచి లోపల పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయమన్నాడు. ఆయిల్ పోసే మూత తిప్పగానే అది అతని చేతిలోంచి ఎగిరిపోబోయింది.

"లోపల గాలి మీరిపోయిందన్నా. పిస్టన్ రింగులు అరిగినాయేమో. అట్లయితే ఇంజన్ దించాల్సిందే."

"దించితే బాగవుతుందా?"

"అవుతాది. కానీ ఈ ముసల్దానికి అంత వైద్యం ఎందుకు? తుక్కుకు ఇచ్చేయన్నా."

ఇంట్లో నేనూ నా భార్యా తక్కువ మాట్లాడుకునేవాళ్ళం. నేను చదువుకుంటూ ఉండేవాడిని, ఆమె పనిలో ఉండేది. కారెక్కితే మాత్రం ముందు సీట్లో కూర్చుని తొప్పూరు మీదుగా సేలం చేరేదాకా మాట్లాడేది. ఆ సీటును ఎవరో విప్పుకుపోవడం నాకు ఇష్టం లేదు.

అతను వెనక్కి వెళ్ళి సైలెన్సర్ దగ్గర చూశాడు.

"ఇక్కడ పొగ లేదే! వచ్చేటప్పుడు బండి లాగిందా?"

"బాగానే లాగింది."

"రింగులు పోయుంటే ఆయిల్ కాలి నీలంగా పొగ రావల్ల. గాలి బయటికి పోయే దారి ఏదో మూసుకున్నట్లుంది. ఉండన్నా."

రోడ్డు మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. ఇంజన్ లోపలి గాలి బయటికి పోవడానికి కిందికి వేలాడే పైపు ఒకటి ఉంటుంది. బ్రీదర్ పైపు అంటారు. దాని మూతిలోంచి వేళ్ళతో ఏదో పీకి, నవ్వాడు.

"ఎవురన్నా ఇది? దూడకు చిక్కం కట్టినట్ల దీని మూతి మూసినారే! గాలి యాడికి పోతాది? కడ్డీని తోసుకోని ఆయిల్‌తో సహా వచ్చేసింది."

ఆ గుడ్డను నా చేతిలో పెట్టాడు. నల్లబడినా అంచు తెలుస్తోంది. నా భార్య ఇంట్లో కట్టుకునే నూలు చీర ముక్క.

అది తీశాక ఇంజన్ కుదుటపడింది. అతను తెప్పించిన ఆయిల్ పోసుకుని ఇంటికి వచ్చి, పక్కింట్లో ఉండే మా చెల్లెలికి గుడ్డ చూపించాను.

"ఇది వదినది గదన్నా. నీ కారు కింద ఆ పైపులోంచి కారిన ఆయిల్, నీళ్ళు చల్లితే వాకిలంతా పాకుతుండె. ముగ్గు నిలిచేది కాదు. అందుకే పొద్దు మునిగినాక గుడ్డ పెడ్తుండె, తెల్లారి ముగ్గేసినాక తీస్తుండె."

"నాకు చెప్పలేదే?"

"ఎట్ల చెప్తుంది? నీ కారును ఒక మాట అంటే రెండు రోజులు మూతి ముడుచుకుంటావు. 'మీ అన్నకు చెప్తే కారుకు జలుబు చేసిందంటాడు' అని నవ్వుతుండె."

నా ఇంజన్ చుక్క కార్చదని నేను నలుగురిలో చెప్పుకునేవాడిని. ఆమె పక్కనే ఉండి వినేది. ఒక్కసారీ కాదనలేదు.

చివరి సాయంత్రం పెట్టిన గుడ్డ అది. తెల్లవారకముందే ఆమెను ఆంబులెన్స్‌లో తీసుకుపోయాం. గుడ్డ తీయడానికి ఆమె తిరిగి రాలేదు.

కారును ఉంచుకున్నాను. ఉదయానికి పైపు కింద రెండు మూడు చుక్కలు పడి ఉంటాయి. మా చెల్లెలు వచ్చి ఊడ్చి, నీళ్ళు చల్లి వెళ్తుంది. మా వాకిట్లో ఇప్పుడు ముగ్గు వేయడం లేదు.