ఊడ్చేసిన లెక్కల పేపర్

రాస్తున్నవా బిడ్డా? మధ్యల ఆపకు, ఆగితే నాకు తోచది.

అది తొంభై ఏడు. కామారెడ్డిల ఓ టైప్ ఇన్‌స్టిట్యూట్ల నేర్పుతుంటి. టైప్ మిషన్ల పక్కన విండోస్ తొంభై ఐదు కంప్యూటర్లు కొత్తగ వచ్చినయ్. నా దగ్గర నేర్చుకున్న పిల్ల షాహీన్, ఎల్లారెడ్డిల అత్తగారిల్లు. కుట్టుమిషన్ కొనుక్కోమని అత్త మొత్తుకున్నా వినకుంట పాత కంప్యూటర్ కొని ఇంట్లనే జాబ్ టైపింగ్ పెట్టింది. జాబ్ టైపింగ్ అంటే ఎవలకేం కావాల్నో అది కొట్టిచ్చుడు. మొదటి పెద్ద పని, ఒక ప్రైవేటు బడి పరీక్ష పేపర్లు.

ఓ పొద్దున ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది.

"మేడం, నా ఫైళ్లు ఖరాబైనయ్. అన్నిట్ల చెత్త వడ్డది. బ్రాకెట్లు, గీతలు, ఏందేందో ఇంగ్లీషు. ఒక్కొక్కటి ఊడుస్తున్న."

"ఊడుసుడేంది?"

"చెరిపేస్తున్న మేడం. లెక్కల పేపర్ అయిపోయింది, సేవ్ గుడ చేసిన. అంకెలొక్కటే మంచిగున్నయ్, అవి ఉంచిన. ఇగ తెలుగు పేపర్ మొదలువెడ్త. మాపటికి బడి సారు వస్తడు."

"ముట్టకు!" అన్న. అప్పటికే లైన్ కట్టయింది. విన్నదో లేదో తెల్వది. ఆ బూత్ నంబర్ నాకు తెల్వది.

కాలు నిలువలే బిడ్డా. సంచి పట్టుకొని బస్సెక్కిన. అదేమో నిండితే గాని కదలదు. ఇప్పుడు తెలుగు అయిపోయింటది, ఇప్పుడు సైన్సు మీద పడ్డదేమో అని నా లెక్కలు నాయి.

"కండక్టరన్నా, కదుల్తదా లేదా?"

"దిగి ఎనుకకెంచి నూకమ్మా, ఇప్పుడే కదుల్తది" అన్నడు. అందరు నవ్విండ్రు. నాకు నవ్వు రాలే.

ఎల్లారెడ్డిల దిగి ఉరికినట్టే పోయిన. షాహీన్ తెర నల్లగైన కంప్యూటర్ ముందల కూసుంది. ఫ్యాన్ గుడ తిరుగుతలేదు.

"తెలుగు పేపర్ ఏం జేసినవ్?"

"సగం ఊడ్చిన మేడం. కరెంటు పోయింది. సేవ్ చెయ్యలే."

సేవ్ చెయ్యలేదంటే లోపల ఫైల్ ఎట్లున్నది అట్లనే ఉన్నట్టు. నా జన్మల కరెంటోళ్లకు దండం వెట్టింది గదొక్కనాడే.

ఇంతల వాళ్ల అత్త వచ్చింది. "సూడు టీచరమ్మా, గుడ్డ కుడ్తే చినిగినా అతుకేస్తం. దీనికేం అతుకేస్తవ్? కుట్టుమిషన్ దుకాణమాయనతోని మాట్లాడిన. మాపటికి మిషన్ తెస్తడు, ఈ డబ్బా తీస్కపోతడు."

షాహీన్ ఒడిల చేతులు పిసుక్కుంటుంది. ఉన్న పేపర్లన్నీ మళ్ల కొట్టాలంటే మాపటికి కావు.

"నిన్న మంచిగున్నయ్ గద? మధ్యల ఎవలు ముట్టిండ్రు?" అని అడిగిన.

మరిది అన్వర్ తలుపు కాడ నిలవడ్డడు. "నేనే మేడం. వదినెకు సాయం చేసిన. పేపర్లు కొట్టే ఆ వర్డ్‌ప్యాడ్ తెరుచుకునేసరికి చాయ్ సల్లారుతది. నోట్‌ప్యాడ్ టక్కున తెరుచుకుంటది. అన్నీ దాంట్లనే తెరుచుకునేటట్టు పెట్టిన."

"టక్కున తెరుచుకుంటది సరే, ఏం జూపిస్తది నాయనా?"

గదే బిడ్డా సంగతి. ఫైల్ మీద రెండుసార్లు నొక్కితే ఏ ప్రోగ్రాం తెరుచుకోవాల్నో ముందే చెప్పి పెట్టుడును డిఫాల్ట్ అంటరు. నోట్‌ప్యాడ్ ఒట్టి అక్షరాలే చూపెడ్తది, ఫాంటు లేక తెలుగు గుడ దాంట్ల ఇంగ్లీషు లెక్కనే కనవడ్తది. తెలుగు ఫాంటు ఏది, లావు అక్షరం ఏది అని వర్డ్‌ప్యాడ్ తనకోసం రాసుకున్న గుర్తులే దాంట్ల చెత్త లెక్క కనవడ్డయ్. అంకెలకు ఏ ఫాంటు గుర్తు అక్కర లేదు, అందుకే అవి బతికినయ్.

ఇగ కరెంటు కోసం కూసున్నం. కూసున్నమంటే కూసోలే. నేను వాకిట్లకు, షాహీన్ కిటికీ కాడికి, అన్వర్ స్తంభం దాంక. అత్త ఒక్కతే నిమ్మళంగ చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంది.

పొద్దు వాలంగ కరెంటు వచ్చింది. షిఫ్ట్ పట్టుకొని ఫైల్ మీద కుడి బటన్ నొక్కిన. 'ఓపెన్ విత్' అని వస్తది, అంటే దేంట్ల తెరువాల్నో చెప్పుమని. వర్డ్‌ప్యాడ్ చూపించిన. కింద చిన్న డబ్బా ఉంటది, ఎప్పటికీ దీంట్లనే తెరువు అని. "ఆ టిక్కు నువ్వే పెట్టు" అన్న షాహీన్‌తోని. పెట్టింది. తెలుగు పేపర్ తెలుగుల వచ్చింది. నా చేతుల నుంచి మౌస్ గుంజుకొని సైన్సు తెరిచింది, సాంఘికం తెరిచింది. అన్నీ ఉన్నయ్.

లెక్కలది మాత్రం పోయింది. సారు రాసిచ్చిన కాయితం చూసి నేను సదువుతుంటే ఆమె కొట్టింది. ప్రింటర్ కిర్రుకిర్రుమంటుంటే సారొచ్చి వేడి వేడి కాయితాలు పట్టుకపోయిండు. పోతుంటే, యాన్యువల్ పేపర్లు గుడ నువ్వే కొట్టాలమ్మా అన్నడు.

ఎనుకనే దుకాణమాయన మిషన్ మోసుకొని వచ్చిండు. అత్త చిక్కుడుకాయల గంప పక్కకు వెట్టి, "మిషన్ వాపస్ తీస్కపో భాయ్. మా కోడలికి తీరిక లేదు" అన్నది.

ఆ దినం నుంచి నేను పిల్లలకు మొదలు గిదే నేర్పిన. ఫైల్ చెత్తగ కనవడితే దేంట్ల తెరిచినవో చూడు, అందాక చెరుపకు. నీ ఫోన్ గుడ అడుగుతది గద, ఈ ఒక్కసారా, ఎప్పటికీనా అని. సదవకుంటనే ఎప్పటికీ అని ఒత్తుతవ్.

అయిపోయింది, సేవ్ చెయ్యి. ఆగాగు. ముందుగాల ఒకసారి సదివి వినిపియ్యి.