కొనే కాటా

1966 వేసవిలో నేను చేసిన తప్పుకు మూలం ఒక చేపల పులుసు. అప్పుడు నేను పోలీసు శాఖలో జూడో శిక్షకుడిని. అంతకుముందు ఒకసారి విదేశంలో పోటీ చేసి, రెండో రౌండులో వీపు ఆనించి వచ్చిన అనుభవం ఉంది. ఆ ఏడు బుచ్చిరెడ్డిపాలెంలో ఒక రైసు మిల్లు గోడౌనులో సాధన చేసేవాళ్లం. వరిగడ్డి మందంగా పరిచి, పైన టార్పాలిన్ బిగించి కడితే అదే మా చాప.

నా శిష్యుడు పోలయ్య బోగోలు వైపు మత్స్యకార కుటుంబం నుంచి వచ్చిన కానిస్టేబులు. పడవలో నిలబడి పెరిగిన కాళ్లు. ఎంత లాగినా కదలవు. జూడోలో బరువును బట్టి తరగతులుంటాయి. అతనిది డెబ్భై కిలోల లోపు, నేనూ పోటీలో ఉన్నాను, నాది ఎనభై లోపు. ఎంపిక పోటీల్లో నెగ్గితే విదేశం వెళ్లే జట్టులో చోటు. దానికోసం అతను నెల రోజులుగా అన్నం మానేసి జావ తాగుతున్నాడు.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం విడవలూరు నుంచి వాళ్లక్క పులుసు కుండతో వచ్చింది. మామిడికాయ వేసిన వంజరం. నాకు కాస్త పెట్టమన్నాను.

“తమ్ముడు జావ తాగతా కూర్చోనుంటే మీకెట్ట పెట్టేది సారూ? ఇద్దరికీ పెడతా, లేదంటే కుండ ఎత్తకపోతా” అంది.

వెంటనే పోలయ్యను మిల్లు కాటా ఎక్కించాను. అరవై తొమ్మిది చూపించింది. కాటా వేసే మస్తానయ్య గొంతు తగ్గించి, “సార్, ఇది వడ్లు కొనే కాటా, తక్కువ చూపిస్తాది. అమ్మే కాటా లోపలుండాది, దాంట్లో చూసుకోండి” అన్నాడు. నేను విననట్టే ఉండిపోయాను. కిలో మిగులుందని చెప్పి పోలయ్యను తినమన్నాను. అతను నాలుగు ముక్కలతో లేచాడు. నేను కుండ అడుగు చూశాను.

మర్నాడు అధికారిక తూకంలో డెబ్భై ఒకటి. నిబంధన ప్రకారం గంట గడువిచ్చారు. కంబళి చుట్టుకుని ఎండలో పరుగెత్తి అరకిలో చెమటగా కార్చాడు. మిగతా అరకిలో కరగలేదు. అతని పేరు నా తరగతిలోకి మార్చారు. మూడో రౌండులో ఇద్దరం ఎదురుపడ్డాం. నాకు ఎనిమిది కిలోల మొగ్గు ఉంది. పడేశాను.

“నన్ను పడేసింది మీరు కాదులే సారూ, మా అక్క పులుసు” అంటూ నవ్వుతూ లేచాడు. నాకు నవ్వు రాలేదు. మస్తానయ్య చెప్పిన మాట అక్కడే బయటపెట్టాను.

“నేనూ విన్నా సారూ. కాటా మీదుండేది నేనే గదా. నాకూ ఆకలే.”

అయినా ఆపవలసింది నేను. తప్పు నాదని ఎంపిక సంఘానికి రాసిచ్చాను. జట్టులో నాకు దక్కిన చోటు అతనికిమ్మని మాత్రం రాయలేకపోయాను. విదేశం వెళ్లి, మొదటి రౌండులోనే ఓడి వచ్చాను.

తినాలని ఉన్నవాడు తూకం చూడకూడదు. శిక్షకుడిగా నేను నేర్చుకున్నది ఇది. మరుసటి ఏడు సర్కారు ముద్ర ఉన్న ఇరవై కిలోల తూకపు గుండును భుజాన మోసుకెళ్లి, ముందుగా ఆ కాటా మీద పెట్టాను. పంతొమ్మిదిన్నర చూపించింది. ఆ నెలంతా పోలయ్యతో పాటు నేనూ జావే తాగాను. జట్టులో అతని పేరు చదివిన రోజున అక్క మళ్లీ కుండ తెచ్చింది. గరిటె నేను తీసుకుని, అతను చాలనేదాకా వడ్డించాను.