మడత పడని మూల

బుధవారం కొత్త కామిక్స్ వచ్చే రోజు. క్లీవ్‌లాండ్‌లోని మా కామిక్స్ కొట్టు తెరిచేసరికి రిటైరైన బస్సు డ్రైవర్ క్లైడ్ నోవాట్నీ గుమ్మంలోనే ఉంటాడు. డోనట్ తిన్న చేతిని రెండుసార్లు ప్యాంటుకి తుడుచుకుని, పసిగుడ్డుని ఎత్తినట్టు పుస్తకాన్ని ఎత్తి, వెనక అట్టముక్క పెట్టి ప్లాస్టిక్ కవర్లోకి జారుస్తాడు. ముప్పై ఏళ్లలో ఆయన కొన్న ఒక్క కామిక్‌కీ ముడత పడలేదు. ప్రాణమంతా 'కెప్టెన్ గొణుగుడు' అనే కామిక్ మీదే. ఆ హీరోకి తాను బొమ్మనని తెలుసు. కొట్లాట మధ్యలో ఆగి మరీ పాఠకుడితో కబుర్లాడతాడు. పోయిన వారం సంచికలో విలన్ గదిలో బంధిస్తే, "అయ్యా, ఈ పేజీ మూల మడవండి, ఆ సందులోంచి బయటపడతాను" అని బతిమాలాడు.

"చవకబారు వేషాలు! మడవకపోయినా తర్వాతి పేజీలో బయటికొస్తాడు," అన్నాడు ఈ బుధవారం కొట్టుకొచ్చిన లెక్కల మేష్టారు లీలండ్.

"మడిస్తే వాణ్ణి విడిపించింది నువ్వవుతావోయ్! ఇన్నాళ్లూ ఏ హీరో అయినా నిన్ను సాయం అడిగాడా?" క్లైడ్ మీసాలు అదిరాయి.

"మరి నువ్వు మడిచావా?"

క్లైడ్ చెవులు ఎర్రబడ్డాయి. వారం రోజులుగా ఆ పేజీ దగ్గరే ఆగిపోయాడాయన; మడవనూ లేడు, మడవకుండా ముందుకు పోనూ లేడు. చంకలోని ఆ పాత సంచికకి కవర్ విప్పాడు. కళ్లు గట్టిగా మూసుకుని, బొటనవేలితో మూల మడిచాడు. పేజీ తిప్పితే కెప్టెన్ బయట నిలబడి చొక్కా దులుపుకుంటున్నాడు: "థాంక్సండీ. ఇంత ఆలోచించారేంటండీ?"

క్లైడ్ ఆ పేజీని లీలండ్ ముక్కు కింద పెట్టాడు.

"చూశావా! నా పేరొక్కటే తెలీదు వీడికి."