మా వదిన పేరు పక్కన సున్నా

ప్రొద్దుటూరులో ఉన్నవాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయి? జమ్మలమడుగు వాళ్లు షుగరు మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా? పులివెందుల వైపు జ్వరాలు తిరుగుతున్నాయని విన్నాను, నీళ్లు కాచి తాగుతున్నారు కదా? మా వదినను ఎరిగినవాళ్లు ఈ మూడు ఊళ్లలోనూ ఉన్నారు, అందుకే అందరినీ అడుగుతున్నాను. నా సంగతి మామూలే. బీపీ ఉంది, భయమూ ఉంది.

వదిన పోయింది. మా ఆయనకు అక్క. జమ్మలమడుగులో ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేసి, రిటైరయ్యాక కూడా ఆ బడి వెనక వీధిలోనే ఉండేది. నేను పాలు కాస్తుంటే ఫోను వచ్చింది. నిద్రలోనే పోయిందన్నారు. నేను రోజూ మనవడు ఎక్కే బస్సు గురించి, గ్యాసు బండ గురించి, మిద్దె మీద వేలాడే కరెంటు తీగ గురించి భయపడతాను. వదిన గురించి మాత్రం ఎప్పుడూ భయపడలేదు. ఆ ఒక్క మనిషినే వదిలేశాను.

నా పెళ్లయిన కొత్తలో ప్రొద్దుటూరులో గుడ్డల వ్యాపారులు కలిసి ఆడవాళ్లకు బాస్కెట్‌బాల్ ఆట పెట్టించారు. టికెట్టు పెట్టి, ఆడేవాళ్లకు కూలి ఇచ్చి ఆడించడం మా వైపు అదే మొదలు. వదిన ఒక జట్టులో ఉంది. ఇంట్లోవాళ్లు ఎవరూ రామన్నారు, నన్ను తోడు పంపారు. ఆమె చీర, గాజులు, చెప్పులు ఒడిలో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. కాలు విరిగితే అత్తకు ఏం చెప్పాలి అనుకుంటూ ఆ గాజులే మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను.

“ఏంది మే, అట్ల వణుకుతాండావు?” అంది వదిన.

“నువ్వు యాడ పడతావో అని భయంగా ఉండాది వదినా.”

“సరే, నువ్వు భయపడుతాండు, నేను ఆడుతాంటా. ఇద్దరికీ పని ఉంటాది.”

అవతలి జట్టులోకి మద్రాసు నుంచి ఒక పొడుగాటి అమ్మాయిని రప్పించారు. ఆమె చేతికి బంతి వస్తే బుట్టలో పడ్డట్టేనని ఊరంతా చెప్పుకున్నారు. వదినకు అప్పజెప్పిన పని ఒక్కటే, ఆమెను ఆపాలి. మోకాళ్లు వంచి, రెండు చేతులూ చాచి, చేలో పడబోయే ఎనుమును అడ్డుకున్నట్టు ఆట మొత్తం ఆమె ముందే నిలబడింది. తన చేతికి బంతి వస్తే వెంటనే పక్కవాళ్లకు ఇచ్చేసింది. ఒక్కసారి కూడా బుట్టకేసి విసరలేదు. మద్రాసు అమ్మాయి చివరికి విసిగిపోయి నేల మీద కూర్చుంది. వదిన జట్టే గెలిచింది.

ఆట అయ్యాక మైకు పట్టుకున్నాయన ఒక్కొక్కరి పేరూ, వేసిన పాయింట్లూ, చేసిన ఫౌళ్లూ చదివాడు. వదిన పేరు దగ్గర కాస్త ఆగి, “పాయింట్లు సున్నా, ఫౌళ్లు నాలుగు” అన్నాడు. జనం నవ్వారు.

“దుడ్లు తీసుకోని సున్నా ఏసినావేమ్మా. మా ఇంట్లో ముసలామెను పిలిచింటే ఊరికే ఏసిండేది గదా” అన్నాడు వెనక నుంచి ఒకాయన.

నేను ఒడిలోని చీరలో ముఖం దాచుకున్నాను. వదిన నేరుగా మైకు దగ్గరికి నడిచింది.

“ఆ సున్నా నాదేప్పా. ఇంగోతూరి గట్టిగా సదువు. మద్రాసు పాపకు ఎన్నొచ్చినాయో అదీ పక్కనే సదువు.”

ఆయన చదివాడు. అంత పేరున్న అమ్మాయికి వచ్చింది రెండు. నవ్వు ఆగిపోయింది.

“ఆపినదానికి నీ కాగితంలో గడి లేదు. అది నీ కాగితం తప్పు, నాది గాదు” అని చెప్పి, నా దగ్గరికి వచ్చి చీర అడిగింది.

ఆ సున్నాను ఆమె ఎన్నడూ దాచలేదు. బడిలో ఆటకు కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి రోజే చెప్పేది. ఏ పిల్లయినా బుట్టలో బంతి వేసి ఎగిరితే, “నీకు బంతి ఇచ్చింది ఎవురు? ముందు ఆ పాప పేరు చెప్పు” అనేది. ప్రొద్దుటూరు బస్సు కిక్కిరిసి ఉంటే చేతులు చాచి, చంటిపిల్లల తల్లులకు చోటు కాచేది. కండక్టరు “జరుగమ్మా” అంటే, “ఫౌలు ఊదుకోప్పా” అనేది. మనవడు ఇంకా ఇల్లు చేరలేదని నేను ఫోను చేస్తే ధైర్యం చెప్పేది కాదు. “ఒక గంట నువ్వు భయపడు. ఆ పైన నాకియ్యి, నేను భయపడతా” అనేది. ఎందుకో అప్పుడు నాకు ఊపిరి ఆడేది.

పెద్ద దినం కర్మ అయ్యాక, ఆమె దగ్గర ఆట నేర్చుకున్నవాళ్లు ఆ బడిలో కోర్టు పక్క గోడ మీద ఆమె బొమ్మా, ఆ ఆట లెక్కా రాయించాలనుకున్నారు. ఇప్పుడు అక్కడ డ్రిల్లు టీచరు కూడా వదిన శిష్యురాలే. ఆ పిల్ల ఫోను చేసింది.

“పెద్దమ్మా, పాయింట్లు పద్దెనిమిది అని రాపిస్తాండాం.”

“ఆయమ్మకు వచ్చింది సున్నా గదా పాపా.”

“గోడ మీద సున్నా ఉంటే చూసినోళ్లు నగుతారు పెద్దమ్మా. మా మేడాన్ని నగితే మేం తట్టుకుంటామా? అయినా ఆ పొద్దు చూసినోళ్లు ఇప్పుడు ఎవురుండారు?”

“నేనుండా” అన్నాను.

ఫోను పెట్టేశాక భయం పట్టుకుంది. చదువుకున్న పిల్లతో అలా అన్నానే, కోపం వచ్చి బొమ్మే మానుకుంటే ఎలా అనుకున్నాను. వాళ్లది ప్రేమే, నాకు తెలుసు. కానీ పద్దెనిమిది అని రాస్తే ఆ రోజు నవ్వినవాళ్లే గెలిచినట్టు. మైకు ముందు ఆమె నిలబడింది దేనికి? బీపీ మాత్ర వేసుకుని, డ్రైవరు రాత్రి సరిగ్గా నిద్రపోయాడో లేదో అతన్నే అడిగి, జమ్మలమడుగు బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి పెయింటరు తెల్లరంగుతో ఒకటి అంకె వేసి, ఎనిమిది కోసం బ్రష్షు ముంచుతున్నాడు. వెళ్లి ఆ గోడకు ఆనుకుని నిలబడ్డాను. మోకాళ్లు వంచితే నేను లేవలేను. చేతులు మాత్రం చాచాను.

“పక్కకు రామ్మా, పచ్చి రంగు, అంటుకుంటాది.”

“అంటుకోనీప్పా. సున్నా రాస్తానంటే వస్తా.”

టీచరు పరుగెత్తుకుంటూ వచ్చింది. “ఎండకు పడిపోతే నాకు మాటొస్తాది పెద్దమ్మా.”

“రానీ. మీ మేడం మొదటి రోజు నీకేం చెప్పింది?”

ఆ పిల్ల “సున్నా సంగతే” అంది.

“నీకు చెప్పింది గదా. ఇప్పుడొచ్చే పాపలకు ఎవురు చెప్తారు?”

ఆమె కళ్లు తుడుచుకుని పెయింటరు వైపు తిరిగింది. “ఆ ఒకటి తీసెయ్ అన్నా. సున్నానే రాయి. పక్కన మద్రాసామెవి రెండు అని కూడా రాయి.”

అతను ఆ రెండు అంకెలూ రాసేదాకా నేను అక్కడి నుంచి పోలేదు, నీడకు మాత్రం జరిగాను. వాన వస్తే కారిపోతాయేమోనని రెండుసార్లు అడిగాను కూడా.

ఇంటికొచ్చి చూసుకుంటే, ఆ తీసేసిన ఒకటి నా చీర వీపున తెల్లగా, నిలువుగా అచ్చుపడి ఉంది. ఉతకలేదు. గోడ మీద బొమ్మ వచ్చే ఆదివారానికి పూర్తవుతుందట. ఆ పొద్దున, ఎండ ముదరక ముందే, అదే చీర కట్టుకుని చూడటానికి జమ్మలమడుగు వస్తాను.