దారి అడిగే దాకా

హోసూరు బస్టాండులో తడిగోనెల్లో చుట్టిన బాగలూరు గులాబీల వాసన తగిలితే చాలు, నాకు రాజమ్మ టీచరు గుర్తుకొస్తారు. వయసులో ఉన్నప్పుడు గుంటూరు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, ఆమె ఇంటి వెనక గదిలో అద్దెకున్నాను. ఊరు ఊరంతా నా కోసం ఎదురుచూసిందని మనవలకు చెబుతుంటాను. నిజానికి పలకరించిన నాథుడు లేడు. తమిళం రాదు, కన్నడం రాదు, ఇక్కడి తెలుగు కూడా సగమే అర్థమయ్యేది. నెల తిరక్కుండానే పెట్టె సర్దుకున్నాను.

టీచరమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు.

“యాడికప్పా, కమ్‌లింగూ?”

తిట్టేమోనని ముఖం మాడ్చుకున్నాను.

“తిట్టు కాదులే. కొత్తగా వచ్చినోణ్ణి ఇంగ్లీషోళ్లు ఒకప్పుడు అట్లే పిలుస్తా ఉండిరి. కమ్ అంటే రావడం గదా, లింగ్ తగిలిస్తే వచ్చినోడు. కూలికి వచ్చినోణ్ణి హయర్‌లింగ్ అన్నట్ల. ఇప్పుడు వాళ్లే ఆ మాట మరిచిపోయినారు.”

“ఎందుకు మరిచారండీ?”

“వచ్చినోళ్లు ఆడనే ఉండిపోయినారేమో. ఇంక ఎవుర్ని పిలుస్తారు?”

“మరి నేనెన్నాళ్లు కమ్‌లింగ్‌ని?”

“ఇంకొకడు వచ్చి నిన్ను దారి అడిగే దాకా. అంతవరకూ ఉండు. ఆపైన పోతే పో, నేను అడ్డం రాను.”

పెట్టెను మంచం కిందకు తోశాను. సెలవు దొరికితే బస్టాండులో నిలబడేవాణ్ణి, ఎవరైనా అడగకపోతారా అని. చివరికి ఒకనాడు, చంటిపిల్లనెత్తుకున్న ఒకాయన కెలమంగలం బస్సు ఎక్కడని తమిళంలో అడిగాడు. ఆయనకు మూడు భాషల్లో వివరించి, సీటు పట్టించి మరీ పంపానని సాయంత్రం టీచరమ్మతో చెప్పాను.

ఆమె కళ్లజోడు మీదుగా చూశారు. “మూడు భాషల్లోనా?”

“చెయ్యి చూపించానండీ. అంతే.”

పగలబడి నవ్వారు. “సరైన బస్సే చూపించినావు గదా, సాలు. ఇంక నువ్వు ఈ ఊరోడివే. ఏం, పెట్టె తీస్తావా?”

తీయలేదు.

ఆమె పోయాక ఆ ఇల్లు చేతులు మారి పెద్ద మేడ అయింది. ఇప్పుడు కొత్తవాళ్లు దారి అడగరు, ఫోనులో చూసుకుంటూ నన్ను తప్పుకొని పోతారు. అయినా ఆ గులాబీల పక్కన నిలబడటం మానలేదు. మొన్న ఫోను ఆరిపోయిన ఒక ఒడిశా మనిషి జూజువాడికి ఎలా వెళ్లాలని నన్ను అడిగాడు. అతని హిందీ నాకు రాదు, నా భాషలేవీ అతనికి రావు. చెయ్యి పట్టుకొని బస్సు దాకా తీసుకెళ్లి ఎక్కించాను. బస్సు కదలగానే ఈ సంగతి చెప్పాలని గబగబా టీచరమ్మ వీధి వైపు నడిచాను. ఈసారి నాలుగు భాషలని చెప్పాలనుకున్నాను. సగం దూరం పోయాక గుర్తొచ్చింది, కళ్లజోడు మీదుగా చూసేవాళ్లు అక్కడ లేరని.